తిట్టే మెసేజ్ కాదు... అడిగే మెసేజ్ కావాలి

హాస్టల్లో ఉంటున్న మీ అబ్బాయికో, అమ్మాయికో ఈ నెల రోజుల్లో మీరు పంపిన మెసేజ్‌లు ఒకసారి తీసి చూడండి. ‘తిన్నావా?’, ‘ఫీజు రసీదు పంపు’, ‘ఫోనెందుకు ఎత్తడం లేదు?’, ‘అమ్మమ్మకు ఓసారి ఫోన్ చెయ్యి’. మధ్యమధ్యలో గుడ్‌మార్నింగ్ పూలు. ఎప్పుడో ఒకసారి, తాగి బండి నడిపిన కుర్రాళ్ల ప్రమాద వార్త. దాని కింద ‘చూశావుగా, జాగ్రత్త’ అని ఒక ముక్క. ఆ వార్తకు రెండు నీలి టిక్కులు పడి ఉంటాయి. జవాబు మాత్రం ఉండదు.

జవాబు రాలేదని పిల్లల మీద కోపం తెచ్చుకోకండి. అందులో జవాబివ్వడానికి మనం ఏమీ అడగలేదు. హెచ్చరికకు ‘సరే’ అనొచ్చు, లేదంటే ఊరుకోవచ్చు. అంతకుమించి వాళ్లకు దారి లేదు.

యూనివర్సిటీ వయసు పిల్లల్లో ప్రమాదకరంగా తాగే అలవాటును ఫోన్ ద్వారా తగ్గించవచ్చా అని కొన్ని దేశాల్లో శాస్త్రీయంగా పరీక్షించి చూశారు. కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల తేడా కనబడలేదు. ఆ ఫలితాల్లో కాలేజీలకు, ప్రభుత్వానికి పనికొచ్చే సంగతులు ఉన్నాయి. అంతకన్నా ముందు, ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న మనకు పనికొచ్చేవి ఉన్నాయి.

‘మావాడు అలాంటివాడు కాదు’

తాగుడు అనగానే మన కళ్ల ముందు నిలిచేది రోజూ సాయంత్రం తూలుతూ ఇంటికొచ్చే మనిషి. కాలేజీ పిల్లలు అలా ఉండరు. వారమంతా తరగతులకు వెళతారు, పరీక్షలు రాస్తారు, ఇంటికి వచ్చినప్పుడు బుద్ధిగానే ఉంటారు. ఏ పదిహేను రోజులకో ఒక పుట్టినరోజు, ఒక ఫెస్ట్, సెమిస్టర్ ముగింపు. ఆ ఒక్క రాత్రి మాత్రం కొలత ఉండదు. వైద్యులు ‘ప్రమాదకర మద్యపానం’ అనే దానిలో ఇదీ భాగమే. వ్యసనం కాకపోవచ్చు. ప్రాణం తీయడానికి వ్యసనమే కానక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు.

లెక్క చూద్దాం. 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా రమ్ము, అంటే ఒక చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఒకే దఫాలో 60 గ్రాములు, అంతకుమించి తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘అతిగా తాగడం’గా లెక్కిస్తుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో ఉండేది సరిగ్గా అంతే. ఇక ‘బీరే కదా’ అనే మాట. 8 శాతం ఆల్కహాలు ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 40 గ్రాములు ఉంటుంది. అంటే ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం. సీసాన్నరతో హద్దు దాటినట్టే. ఈ లెక్క తాగే పిల్లలకు తెలియదు, తాగని తల్లిదండ్రులకూ తెలియదు.

కాలేయం గంటకు ఖర్చు చేయగలిగేది మహా అయితే ఒక చిన్న పెగ్గు. రాత్రి 11 గంటలకు క్వార్టర్ ముగించిన కుర్రాడి రక్తంలో తెల్లవారినా మద్యం మిగిలే ఉండొచ్చు. కాఫీ తాగినా, తల మీద నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. ఉదయాన్నే బైకు తీసి తరగతికి బయల్దేరే పిల్లాడికి ఈ సంగతి ఎవరు చెప్పారు? ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అదే కొలత వాళ్ల రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుంది. పరువు భయం వల్ల వాళ్లు సాయం అడగడం ఇంకా తక్కువ.

‘ఇదంతా పెద్ద నగరాల గొడవ’ అనుకోవడానికీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. దేశ సగటు 19 శాతమే. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. డిగ్రీలో, ఇంజినీరింగ్‌లో ఉన్న పిల్లల్లో ఎక్కువ మంది ఆ వయసు లోపువారే. అయినా సీసా హాస్టల్ గదికి చేరుతూనే ఉంది. చట్టం ఆగిపోయిన చోట ఇంకేదో పని చేయాలి.

గురువారం ఒక ప్రశ్న, ఆదివారం ఒక ప్రశ్న

అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో వైద్యులు ఒక ప్రయోగం చేశారు. ఏదో ఒక కారణంతో ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన 18-25 ఏళ్లవారిలో ప్రమాదకరంగా తాగే అలవాటున్న 765 మందిని ఎంచుకున్నారు. అందరూ విద్యార్థులు కారుగానీ వయసు మాత్రం అదే. వాళ్లను మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు 12 వారాల పాటు మెసేజ్‌లు వెళ్లాయి. గురువారం ఒక ప్రశ్న: ‘ఈ వారాంతం తాగే ఆలోచన ఉందా?’ ఉందంటే, ఇంతకు మించకుండా హద్దు పెట్టుకోవడానికి సిద్ధమేనా అని ఇంకో ప్రశ్న. ఆదివారం మళ్లీ పలకరింపు: ఎంత తాగారు? చెప్పిన జవాబును బట్టి అప్పటికప్పుడే బదులు వచ్చేది. హద్దులో ఉంటే మెచ్చుకోలు, దాటితే ఆలోచింపజేసే మాట. రెండో జట్టును ఆదివారం ఎంత తాగారని అడిగి ఊరుకున్నారు, బదులు లేదు. మూడో జట్టుకు ఈ మెసేజ్‌లేవీ పంపలేదు.

2014లో మూడు నెలల ఫలితాలు వచ్చాయి. బదులు అందుకున్న జట్టులో, నెలలో అతిగా తాగే రోజులు సగటున అర రోజు తగ్గాయి. మిగతా రెండు జట్లలో తగ్గకపోగా పెరిగాయి. 9 నెలల తర్వాత చూసినా ఈ జట్టు మెరుగ్గానే ఉంది.

‘అర రోజేనా?’ అని పెదవి విరవకండి. మందు బిళ్ల లేదు, ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు, ఎవరి ముందూ తలవంచుకుని కూర్చోలేదు. వారానికి కొన్ని మెసేజ్‌లతో అంత తేడా వచ్చింది. ఇక్కడ మనం గమనించాల్సింది రెండో జట్టు. ఎంత తాగావని లెక్క అడిగి వదిలేస్తే లాభం రాలేదు. ఇళ్లలో మనం చేసేది చాలావరకు అదే. ఆరా తీస్తాం, ఆ తర్వాత ఏం చెయ్యాలో మాట్లాడం.

గురువారమే ఎందుకంటే, మొదటి గ్లాసు చేతిలోకి వచ్చాక హద్దు గీసుకోవడం ఎవరివల్లా కాదు. నిర్ణయం తీసుకునే మెదడునే మద్యం ముందుగా మందగింపజేస్తుంది. ఇంకా నిబ్బరంగా ఉన్నప్పుడే, ‘రెండుతో ఆపేస్తాను’ అని తన వేలితో తానే టైపు చేసిన మాటకు కాస్త బరువు ఉంటుంది. అది అమ్మ పెట్టిన షరతు కాదు, తన మాట.

మరో సంగతి, తోటివాళ్ల గురించిన భ్రమ. ‘అందరూ తాగుతున్నారు, నేనొక్కడినే వెనకబడ్డాను’ అని ఈ వయసులో దాదాపు ప్రతివాళ్లూ అనుకుంటారు. నిజానికి తోటి విద్యార్థులు తాగేదాన్ని పిల్లలు ఎప్పుడూ ఎక్కువగానే ఊహించుకుంటారని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. గదిలో కేకలు పెట్టే నలుగురు కనబడతారు. పక్క గదిలో దుప్పటి కప్పుకుని నిద్రపోయే నలభై మంది కనబడరు. ‘నువ్వు చెప్పిన కొలత ఇది, నీ వయసువాళ్లు తాగేది ఇంత’ అని అంకెలు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు ఆ భ్రమ కొంత సడలుతుంది.

స్విట్జర్లాండ్‌లోని లోజాన్ వైద్యులు ఈ పద్ధతులనే ఒక యాప్‌లో పెట్టారు. తాగినదాన్ని లెక్కపెట్టడం, తోటివాళ్లతో పోల్చి చూపడం, రక్తంలో మద్యం ఎంతుందో అంచనా కట్టడం, లక్ష్యం పెట్టుకోవడం వంటివి అందులో ఉన్నాయి. ప్రమాదకరంగా తాగే 1,770 మంది విద్యార్థుల మీద ఏడాది పాటు పరీక్షించారు. యాప్ ఇచ్చినవారు, ఇవ్వనివారికన్నా వారానికి తాగే కొలత సుమారు పదో వంతు తక్కువగా ఉందని 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు.

రెండో వైపు కూడా చెప్పుకోవాలి. స్వీడన్ యూనివర్సిటీ విద్యార్థులు 896 మందితో ఆరు వారాల మెసేజ్ కార్యక్రమం ఒకటి నడిచింది. 2018లో దాని ఫలితాలు వచ్చాయి. మెసేజ్‌లు అందినవారిలో వారపు కొలత తగ్గింది. అందనివారిలోనూ తగ్గింది. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఇదేమీ సంజీవని కాదు. ఫోన్‌లో నాలుగు మెసేజ్‌లు పడేసి చేతులు దులుపుకునే కాలేజీ ఏదైనా ఉంటే, దానికి దక్కేది నాలుగు మెసేజ్‌లే.

మనకూ ఈ దారి తెలుసు

ఫోన్ ద్వారా చెడు అలవాటు మాన్పించడం మన దేశానికి కొత్త కాదు. పొగాకు మానాలనుకునేవారికి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ‘ఎం-సెసేషన్’ పేరుతో మెసేజ్‌ల సేవను మొదలుపెట్టింది. ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే చాలు, రోజులవారీగా ధైర్యం చెప్పే మెసేజ్‌లు వచ్చేవి. లక్షలాది మంది నమోదు చేసుకున్నారు. గోవాలో ‘సంగత్’ సంస్థ ప్రమాదకరంగా తాగేవారి కోసం మొబైల్ సాయాన్ని రూపొందించి పరీక్షించింది. సాంకేతికత ఉంది, అనుభవం ఉంది. ప్రతి విద్యార్థి చేతిలో ఫోన్ ఉంది. మన యూనివర్సిటీలు, ప్రైవేటు కాలేజీలు హాజరు తగ్గితే మెసేజ్ పంపుతాయి, ఫీజు గడువు దాటితే రోజుకు రెండు పంపుతాయి. ఫెస్ట్‌కు ముందు గురువారం ఒక మెసేజ్ పంపడం వాటికి ఎంత పని?

అయితే అది ఎలా ఉండాలో ముందే తేల్చుకోవాలి. విద్యార్థి తనంతట తాను చేరాలి, వద్దనుకుంటే ఒక్క మాటతో బయటపడగలగాలి. చేరే ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల ‘ఆడిట్’ పరీక్ష ఫోన్‌లోనే పెట్టొచ్చు, రెండు మూడు నిమిషాల పని. అందులో 8, అంతకుమించి వస్తే అలవాటు ప్రమాదం వైపు ఉన్నట్టు. బాగా ఎక్కువ వచ్చినవారికి మెసేజ్‌లు చాలవు, మనిషి కావాలి. కాబట్టి ఆ మెసేజ్‌ల వెనక ఒక కౌన్సెలర్ ఉండాలి. భాష కూడా ముఖ్యమే. సర్క్యులర్ భాషలో ‘విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెడితే రెండో లైను ఎవరూ చదవరు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ జవాబులు ప్రిన్సిపాల్‌కు, వార్డెన్‌కు, తల్లిదండ్రులకు చేరకూడదు.

ఇక్కడే మనలో చాలామందికి గొంతు దిగదు. ‘కన్నవాళ్లం, ఫీజులు కట్టేవాళ్లం. మావాడు తాగుతున్నాడని మాకు చెప్పకుండా దాచడమేంటి?’ న్యాయమైన ఆవేదనే. కానీ ఒక్కసారి ఆలోచించండి. తన జవాబు నాన్న ఫోన్‌కు చేరుతుందని తెలిసిన మరుక్షణం ఆ పిల్లాడు ఏం రాస్తాడు? ‘సున్నా’ అని రాస్తాడు. మీకు నిశ్చింత దక్కుతుంది, వాడికి ప్రమాదం మిగులుతుంది. నిజం చెప్పుకోవడానికి ఒక్క చోటైనా ఉంటే, తగ్గించుకునే అవకాశం ఉంటుంది. మనకు తెలియకుండా పిల్లలు బాగుపడటం కన్నా, మనకు తెలిసి పాడవడం మేలని ఏ తల్లీ అనుకోదు కదా!

కాలేజీలు చేయాల్సింది ఇంకొకటి ఉంది. గదిలో ఒకడు స్పృహ తప్పి పడిపోతే మిగతావాళ్లు మొదట చేసే పని తలుపు గడియ పెట్టడం. వార్డెన్‌కు తెలిస్తే సస్పెన్షన్, ఇంటికి కబురు. ఆ భయంతో గంటలు గడిచిపోతాయి. అమెరికాలోని చాలా యూనివర్సిటీల్లో ఒక నియమం ఉంది. తాగి ప్రమాదంలో పడిన మిత్రుడి కోసం సాయం పిలిచినవారి మీద, ఆ మిత్రుడి మీద తాగినందుకు క్రమశిక్షణ చర్య ఉండదు. మన హాస్టళ్లలో అలాంటి నియమం రాసిపెట్టి, దాన్ని మెసేజ్‌గా ప్రతి విద్యార్థికీ పంపితే, అది వంద ఉపన్యాసాల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంటి నుంచి వెళ్లాల్సిన మెసేజ్‌లు

కాలేజీ మేల్కొనేదాకా మనం ఆగనక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమెందుకు? కొన్ని పనులు ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

ఒకటి, సమయం మార్చండి. రాత్రి 11 గంటలకు పదకొండు మిస్డ్ కాల్స్ ఇవ్వడం కన్నా, పార్టీకి ముందు రోజు ఒక్క మెసేజ్ మేలు. ‘రేపు ఎవరితో వెళ్తున్నావు? తిరిగి రావడం ఎలా?’ అని అడగండి. ‘తాగితే చంపేస్తా’ అనే మాటకు పిల్లలు ఒక్క పాఠమే నేర్చుకుంటారు, దాచడం.

రెండు, అంకెలు చెప్పండి. పైన రాసిన క్వార్టర్ లెక్క, స్ట్రాంగ్ బీరు లెక్క వాళ్లతో మాట్లాడండి. 21 లోపు తాగకూడదన్నది చట్టం, తాగకపోవడమే మేలన్నది వైద్యం. ఆ రెండు మాటలూ స్పష్టంగా చెప్పి, ఆ తర్వాతే ఇదీ చెప్పండి: ఖాళీ కడుపుతో వద్దు, పందెం వేసుకుని వద్దు, తాగి బండి ముట్టుకోవద్దు, తాగినవాడి బండి ఎక్కొద్దు. ఇలా చెబితే అనుమతి ఇచ్చినట్టు అవుతుందేమో అని కొందరికి సందేహం. హెల్మెట్ కొనిపెడితే ప్రమాదం చెయ్యమన్నట్టు అవుతుందా?

మూడు, ఒక ఒప్పందం చేసుకోండి. ఈ మాటలు ఇలాగే పంపినా సరే: ‘ఏ అర్ధరాత్రి అయినా, ఏ స్థితిలో ఉన్నా నాకు ఫోన్ చెయ్యి. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను. ముందు నిన్ను క్షేమంగా చేరుస్తాను.’ మాట్లాడాల్సింది మర్నాడు మధ్యాహ్నం, అన్నం తిన్నాక మాట్లాడదాం. ఈ మాట ఇస్తే నిలబెట్టుకోవాలి. ఒక్కసారి తప్పామంటే రెండోసారి ఆ ఫోన్ రాదు.

నాలుగు, జవాబు వస్తే దానికి బదులివ్వండి. ‘నిన్న నేను తాగలేదమ్మా, వాళ్లతో కూర్చుని వచ్చేశా’ అని వాడు రాస్తే, ‘అసలు ఎందుకు వెళ్లావు?’ అని కాకుండా, ‘అందరి మధ్య వద్దని అనడం తేలిక కాదు, సంతోషంగా ఉంది’ అనండి. పిట్స్‌బర్గ్‌లో పనిచేసింది అలాంటి బదులే.

ఐదు, మన ఇంటి ఫ్రిజ్ వైపు, ఆదివారం మేడ మీద సిట్టింగుల వైపు కూడా ఓసారి చూసుకోవాలి. మనం పంపే మెసేజ్ కన్నా మనం పట్టుకునే గ్లాసును పిల్లలు శ్రద్ధగా చదువుతారు.

ఆ రాత్రి తెలిసి ఉండాల్సినవి

ఈ భాగాన్ని ఫొటో తీసి మీ పిల్లలకు పంపండి. తాగిన స్నేహితుడు ఎంత పిలిచినా లేవకపోతే, శ్వాస మరీ నెమ్మదిగా లేదా ఆగి ఆగి వస్తుంటే, ఒళ్లు చల్లబడి పెదవులు నీలిరంగుకు తిరిగితే, మూర్ఛ వస్తే, స్పృహ లేకుండానే వాంతి అవుతుంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరి గొట్టంలోకి పోయి ప్రాణం పోవచ్చు. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయొద్దు. వేలు పెట్టి వాంతి చేయించొద్దు. షవర్ కిందకు లాక్కెళ్లొద్దు. ‘పడుకుంటే దిగిపోతుంది’ అని ఒంటరిగా వదిలేయొద్దు. కడుపులో మిగిలిన మద్యం, నిద్రలో కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

కొందరి విషయంలో మెసేజ్‌ల దశ దాటిపోయి ఉంటుంది. తాగకపోతే చేతులు వణకడం, చెమటలు పట్టడం, పొద్దున్నే తాగాలనిపించడం, చదువు పూర్తిగా వదిలేయడం, బతకాలని లేదనడం, ఇవి కనబడితే ఆలస్యం చేయొద్దు. బాగా అలవాటుపడినవారు ఉన్నట్టుండి ఆపేసినా ప్రమాదమే, వైద్యుల పర్యవేక్షణ కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ‘టెలీ మానస్’ నంబర్ 14416, అందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు. మత్తు అలవాట్ల నుంచి బయటపడటానికి కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ 14446. రెండు నంబర్లూ మీ ఫోన్లో దాచుకోండి, పిల్లలకూ పంపండి.

2019లో ఎయిమ్స్ నిపుణులు వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యం వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవారు దేశంలో 5.7 కోట్ల మంది. వాళ్లలో చాలామంది కథ ఏదో ఒక హాస్టల్ గదిలోనో, ఏదో ఒక పుట్టినరోజు పార్టీలోనో మొదలై ఉంటుంది. ఆ మొదటి రోజుల్లో వాళ్లను కోప్పడినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. ‘ఎలా ఉన్నావు, ఎంతలో ఆపుదామనుకుంటున్నావు?’ అని నెమ్మదిగా అడిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో!

వచ్చే గురువారం సాయంత్రం మీ పిల్లలకు ఒక మెసేజ్ పంపండి. హెచ్చరిక వద్దు, ఫార్వర్డ్ వద్దు. ఒక ప్రశ్న. జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. వచ్చాక, తిట్టకుండా చదవండి.